హాంబర్గ్ నుంచి లండన్‌కి గంటన్నర

1993 ఆగస్టు 21, శనివారం

ఈ డైరీ మా టిక్కెట్ల ఆఫీసులో నాకు పని నేర్పే జగ్గారావు గారిచ్చారు. విమాన కంపెనీ వాళ్లు ఆఫీసుకి పంపినవి జనవరి నుంచీ బీరువాలో మిగిలిపోయాయట. "సగం ఏడాది పోయింది, మిగతా సగమన్నా రాసుకో" అన్నారు. ముందు పేజీలన్నీ ఖాళీగా వదిలేశాను.

ఇవాళ నాకు పరీక్ష పెట్టారు.

"పారిస్‌లో పదింటికి ఎక్కాడు. లండన్‌లో పదింటికి దిగాడు. ఎంతసేపు ఎగిరాడు?"

"ఎగరలేదండి" అన్నాను.

కుర్చీలో వెనక్కి వాలి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "మీ ఇంటరు కాలేజీలో భూమి బల్లపరుపుగా ఉండేదా అమ్మా?"

తర్వాత ఓపిగ్గా చెప్పారు. పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుంటుందట. విమానం ఒక గంట ఎగురుతుంది, గడియారం ఒక గంట వెనక్కి వెళుతుంది. టిక్కెట్టు మీద ఎక్కడి టైము అక్కడిదే వేస్తారు. చూసేవాళ్లే లెక్క కట్టుకోవాలి. సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోముతూ కూడా అదే లెక్క వేసుకున్నాను. రోమ్ నుంచి లండన్, లండన్ నుంచి రోమ్. పోయేటప్పుడు తక్కువ, వచ్చేటప్పుడు ఎక్కువ.

నేను ఈ బహ్రెయిన్‌కి వచ్చింది ఇంటిపనికి. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో బాబా వాళ్ల ఇల్లు. బాబా అంటే మా కఫీల్, నా వీసాకి పూచీ పడ్డ యజమాని. అద్లియాలో ఉన్న ఈ టిక్కెట్ల ఆఫీసు కూడా ఆయనదే. కౌంటర్లో ఉండే ఫిలిప్పైన్స్ అమ్మాయి మానేస్తే, నాకు ఇంగ్లీషు చదవటం వచ్చని మామా, అంటే ఆ ఇంటావిడ, ఆయనతో చెప్పింది. అప్పటినుంచి పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం నుంచి ఇల్లు. మా నాన్న వేలిముద్ర, మా అమ్మ వేలిముద్ర. నేను టిక్కెట్టు మీద పెద్ద అక్షరాలతో ఊళ్ల పేర్లు రాస్తున్నాను.

ఆగస్టు 24, మంగళవారం

మా ఆయన నుంచి ఫోను లేదు. షిప్పు సముద్రంలో ఉంటే ఎలా చేస్తారు.

ఆగస్టు 29, ఆదివారం

చేశారు! ఆఫీసు నంబరుకి. ఆంట్వెర్ప్ రేవు నుంచట. జగ్గారావు గారు ఫోను నా చేతిలో పెట్టి, టీ తాగొస్తానని బయటికి వెళ్లిపోయారు. ఎదురుగా టీ కప్పు సగం నిండుగానే ఉంది.

అక్టోబరు మధ్యలో షిప్పు హాంబర్గ్ వస్తుందట. తన బదులు ఎక్కే రిలీవర్ దొరికితే అక్కడ దిగిపోయి ఇంటికి వెళ్లిపోతారు.

"నీ కాంట్రాక్టు కూడా అక్టోబరుకే గదా అయిపోయేది" అన్నారు.

"అవునండి."

"క్యాన్సిల్ చేసుకుని వచ్చెయ్. మూడేళ్లలో మనం కలిసున్నదెంత?"

బాబా రెండేళ్లకి రెన్యూవల్ ఇస్తానన్నారనీ, ఈసారి పనిమనిషి వీసా కాదు, ఆఫీసు క్లర్కు వీసా అనీ చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఫోన్లో చెప్పే మాట కాదది. వచ్చి చూడాలి. నా కుర్చీ, నా కౌంటరు, నా చేత్తో రాసిన టిక్కెట్లు చూస్తే ఆయనే వద్దనరు.

అందుకే వేరే మాట చెప్పాను. "హాంబర్గ్ నుంచి తిన్నగా బొంబాయి వెళ్లకుండా, లండన్ మీదుగా బహ్రెయిన్ వచ్చి వెళ్లొచ్చండి. గురువారం దిగి శనివారం ఎక్కొచ్చు."

ఆయన వెనక ఎవరో హిందీలో కేకలేస్తున్నారు.

"చూద్దాం" అన్నారు.

చూద్దాం అన్నారంటే ఒప్పుకున్నట్టే.

సెప్టెంబరు 4, శనివారం

హాంబర్గ్ నుంచి లండన్‌కి నాలుగు వందల అరవై చిల్లర మైళ్లు. గాల్లో గంటన్నర. అక్కడి నుంచి బహ్రెయిన్ ఆరున్నర గంటలు. మైళ్ల పుస్తకం చాలా పెద్దది. అక్షరాలు చీమల్లా ఉంటాయి. స్కేలు పెట్టుకుని చూశాను.

టిక్కెట్టుకి ఇన్ని మైళ్లు తిరగొచ్చని ఒక హద్దుంటుంది. ఆ లోపల ఎన్ని ఊళ్లు చుట్టినా రేటు మారదు. మా ఆయన దారి ఆ హద్దు కొంచెం దాటింది. నేను మూడుసార్లు కూడినా దాటింది.

"ఇటివ్వు" అని జగ్గారావు గారు కాగితం లాక్కున్నారు. "ఆ కాస్తా నేను చూసుకుంటాలే. షిప్పు కంపెనీకి బొంబాయి ఫ్యాక్స్ కొడదాం. కన్నబాబుకి పెళ్లాం దగ్గరికి దారి దొరక్కపోతే మనం ఆఫీసు తెరిచి ఏం లాభం?"

మా ఆయన పేరు పట్టుకుని అలా అనేసరికి సిగ్గేసింది. ఈయనది కూడా కాకినాడే. మా ఆయనది అక్కడే జగన్నాథపురం అని తెలిసినప్పటి నుంచీ అల్లుడిగారి సంగతి మాట్లాడినట్టు మాట్లాడతారు.

సెప్టెంబరు 12, ఆదివారం

బాబా ఒప్పుకున్నారు! ట్రాన్సిట్ వీసాకి ఆయనే పూచీ సంతకం పెడతానన్నారు. "నీ భర్త మా ఇంటి అతిథి. ఖలాస్, ఇంక మాటల్లేవు" అన్నారు. మామా కూడా శుక్రవారం మొత్తం నాకు సెలవిచ్చింది.

వంటింటి వెనక నాతో కలిసి ఉండే గదిని నాకూ మా ఆయనకీ ఇస్తుంది పాపాయమ్మత్త. తను పిల్లల గదిలో పడుకుంటానంది. ఈవిడ నాకంటే చాలా ఏళ్ల ముందు నుంచీ ఈ ఇంట్లో వంట చేస్తోంది. మా వైపు మనిషే.

"ఏంటే, మొగుడొత్తాడంటగా" అంది ఉల్లిపాయలు కోస్తూ.

"ఎవరు చెప్పారత్తా?"

"నీ మొకం. గోడకున్న గడియారాన్ని కూడా నవ్వుతా సూత్తన్నావు." కత్తి నా వైపు చూపించింది. "మరి ఆ కుర్రోడికి ఏం వండాలి? జర్మనీ కూడు తినొచ్చేవోడికి నా సేపల పులుసు పడద్దో లేదో."

"ఆయన ఎక్కడికెళ్లినా చేపల పులుసే అడుగుతారు."

"నీకెలా తెల్సు? ఎన్నాళ్లు వండిపెట్టావేంటి?"

ఊరికే హాస్యానికే అంది. నేను లేచి మొక్కలకి నీళ్లు పోశాను. ఒకసారి పోసినవే.

సెప్టెంబరు 15, బుధవారం

ఫోను లేదు.

సెప్టెంబరు 16, గురువారం

ఫోను లేదు. షిప్పు సముద్రంలో ఉంది.

సెప్టెంబరు 27, సోమవారం

పెద్ద గండం తప్పింది.

ఈ నెలాఖరు ఆదివారం యూరప్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పేస్తారట, చలికాలం వస్తోందని. నిన్న తిప్పేశారు. కానీ లండన్ వాళ్లు మాత్రం ఇంకో నాలుగు వారాలు ఆగి తిప్పుతారు. ఈ మధ్యలో హాంబర్గ్, లండన్ రెండూ ఒకటే టైము! ఏడాది పొడుగునా ఉండే గంట తేడా ఇప్పుడు లేదు.

"ఇక్కడే చాలామంది చస్తారు" అన్నారు జగ్గారావు గారు. "ఎప్పటిలాగే గంట వెనక్కి లెక్కేసుకుని, లండన్‌లో బోలెడు టైముందనుకుంటారు. పాసింజరు పరిగెత్తి చస్తాడు, వెనకనుంచి మనం చస్తాం."

నేను వేసిన లెక్కలో అదే తప్పు. హాంబర్గ్‌లో ఏడూ నలభైకి ఎక్కితే, లండన్‌లో ఎనిమిదింబావుకి దిగుతారని రాసుకున్నాను. అది సెప్టెంబరు లెక్క. మా ఆయన వచ్చే అక్టోబరు గురువారానికి తొమ్మిదింబావు అవుతుంది. బహ్రెయిన్ విమానం పదిన్నరకి. గంటింబావు మాత్రమే ఉంటుంది. పెద్ద ఎయిర్‌పోర్టు, బస్సెక్కి వేరే టెర్మినల్‌కి వెళ్లాలి.

"సరిపోతుందాండీ?"

"రూలు ప్రకారం సరిపోతుంది. సామాను తిన్నగా ఇక్కడికే ట్యాగ్ వేయించుకోమను. చెయ్యూపుకుంటూ నడిచిపోవచ్చు."

గంటింబావు. మా ఆయన నడక చురుకే.

అక్టోబరు 3, ఆదివారం

మా ఆయన ఫోను. ఏదో రేవు పేరు చెప్పారు, గొడవలో వినపడలేదు. రిలీవర్ దొరికాడు. పదమూడున దిగుతారు, పద్నాలుగు పొద్దున విమానం. కంపెనీ వాళ్లు నేను చెప్పిన దారిలోనే టిక్కెట్టు ఇచ్చారట.

నేను రాసుకున్నదంతా చదివాను. ఏ టెర్మినల్లో దిగాలి, ఏ రంగు బోర్డు వెంట నడవాలి, సామానుకి ట్యాగ్, గడియారాల సంగతి. తొందరగా చదివాను, నిమిషాలు అయిపోతాయని.

"ఏంటే" అన్నారు మధ్యలో. "పదకొండేళ్లుగా దేశాలు తిరుగుతున్నాను. నాకు నువ్వు దారి చెప్పేదానివయ్యావా?"

నవ్వుతూనే అన్నారు.

తర్వాత బాబా వీసా సంతకం పెట్టారనీ, అతిథి అన్నారనీ, పాపాయమ్మత్త గది ఇచ్చిందనీ అన్నీ చెప్పాను.

"ఎవరి గది?"

"మాదేనండి. వంటింటి వెనక. బాగుంటుంది, ఏసీ కూడా ఉంది."

లైను కట్టయింది. కాయిన్లు అయిపోయుంటాయి.

నవ్వుతూనే అన్నారు.

అక్టోబరు 9, శనివారం

గది కడిగాను. కిటికీ అద్దాలు కూడా. పాపాయమ్మత్త పెట్టె బయటికి పెట్టేసి, "కాపరానికెళ్లే కూతుర్ని పంపినట్టుంది, నేనే ఎల్లిపోతన్నాను" అని మూతి తిప్పింది.

బాబా మళ్లీ అడిగారు, రెన్యూవల్ సంగతేంటని. వచ్చే శనివారం చెబుతానన్నాను. మా ఆయన వెళ్లేది ఆ శనివారమే. శుక్రవారం ఆఫీసుకి సెలవు కాబట్టి తాళం తీసుకెళ్లి చూపిస్తాను. ఖాళీగా ఉన్నప్పుడే బాగుంటుంది. కుర్చీలో కూర్చోబెడతాను. తర్వాత అడుగుతాను.

అక్టోబరు 13, బుధవారం

జర్మనీలో వాన లేదు. జగ్గారావు గారు ఎయిర్‌లైన్సు వాళ్లని ఫోన్లో అడిగి చెప్పారు.

అక్టోబరు 15, శుక్రవారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

సాయంత్రం ఏడింటికి విమానం. డ్రైవరు మల్లేష్ తీసుకెళ్లాడు. ఆదిలాబాదు వైపు కుర్రాడు. బహ్రెయిన్‌ని కూడా దుబాయే అంటాడు. "అక్కా, బావ దుబాయిల ఒక్క దినమేనా ఉండేది?" అని దారంతా జాలిపడ్డాడు.

బోర్డు మీద లండన్ పక్కన దిగిందని పడింది. జనం బయటికి రావటం మొదలైంది. ముందు సూట్ల వాళ్లు, తర్వాత పిల్లల తల్లులు, తర్వాత చలికోట్లు చేతి మీద వేసుకున్న వాళ్లు. ఇద్దరు మన వాళ్లు కూడా వచ్చారు. వాళ్లు కాదు. మా ఆయన సామాను కోసం ఆగి ఉంటారనుకున్నాను. వీసా కౌంటర్లో లేటవుతోందనుకున్నాను.

"అక్కా, జనమంతా అయిపోయిన్రు" అన్నాడు మల్లేష్. "ఇంక ఎవలు వస్తలేరు."

"కొంచెం ఆగు మల్లేష్."

కువైట్ విమానం వచ్చింది. ఆ జనం కూడా వెళ్లిపోయారు. నేల తుడిచే అబ్బాయి నా కాళ్ల దగ్గరికి వచ్చి, నేను జరుగుతానేమోనని నిలబడ్డాడు. జరిగాను.

లండన్‌లో పరిగెత్తి ఉంటారు. గంటింబావు సరిపోయి ఉండదు. నేను చెప్పిన లెక్కే.

ఇవాళ పాపాయమ్మత్త ఏమీ అడగలేదు. చేపల పులుసు పిల్లలకి పెట్టింది.

అక్టోబరు 16, శనివారం

కాకినాడకి ఫోను చేశాను. మా అత్తగారి పక్కింటి ఫోను. మా ఆయన పొద్దునే దిగారట. పిలిస్తే వచ్చారు.

"మిస్సయిపోయింది" అన్నారు. "ఇంకో కంపెనీ విమానంలో తిన్నగా బొంబాయి ఎక్కించారు."

"పరిగెత్తారాండీ?"

"ఆఁ. పరిగెత్తితే మాత్రం? నువ్విచ్చిన టైములు తప్పు. ఆ గడియారాల గోల ఏదో అన్నావుగా, అదే. గంట తేడా వచ్చింది."

క్షమించమని అడిగాను. పోన్లే అన్నారు. నెలాఖరుకి వచ్చెయ్ అన్నారు.

బాబాకి ఇంకో వారం కావాలని చెప్పాను.

అక్టోబరు 17, ఆదివారం

ఏడూ నలభై. గంటన్నర పైన అయిదు నిమిషాలు. తొమ్మిదింబావు. ఎక్కడ తప్పాను?

అక్టోబరు 18, సోమవారం

ఇవాళ కౌంటర్లో ఒకావిడ జెనీవా నుంచి పారిస్‌కి ఎంతసేపని అడిగింది. పుస్తకంలో చూసి కూడా చెప్పలేకపోయాను. జగ్గారావు గారు చెప్పారు. తర్వాత నాతో, "నేను వేరే వాళ్ల టిక్కెట్లు ఎన్ని పోగొట్టానో నీకు చెబితే ఈ ఆఫీసులో అడుగు పెట్టవు" అన్నారు. నన్ను నవ్వించాలని.

ఇంటిపనికి వచ్చినదాన్ని ఇంటిపనే చేసుకోవాల్సింది. ఇంటరు చదివితే యూరప్ గడియారాలు తెలుస్తాయా? మా నాన్న వాళ్లూ వీళ్లూ అడిగితే, మా అమ్మాయి విమానాలు నడిపే ఆఫీసులో ఉంది అంటాడట.

ఆ గంట నా వల్లే పోయింది. నేనే పోగొట్టాను. అంతే.

అక్టోబరు 20, బుధవారం

జగ్గారావు గారు పొద్దుటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడలేదు. మధ్యాహ్నం మూసేటప్పుడు అడిగాను, కోపమొచ్చిందా అని.

"కోపం కాదమ్మా. కూర్చో." తనే నిలబడ్డారు. "లండన్‌లో మన బహ్రెయిన్ విమానం డెస్కులో నాకు తెలిసినవాడున్నాడు. వాడిని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది."

"నా తప్పేనాండీ?"

"నీ లెక్క సరిపోయింది."

"మరి?"

"హాంబర్గ్ విమానం పది నిమిషాలు ముందే దిగింది. అక్కడితో వదిలెయ్ అమ్మా."

"ముందే దిగితే ఎలా మిస్సయిందండీ?"

కిటికీ తెర సరిచేశారు. అది బాగానే ఉంది.

"అతను ట్రాన్సిట్ డెస్కుకి వచ్చాడంట. టైముకే వచ్చాడు. బహ్రెయిన్ వద్దు, తిన్నగా బొంబాయికి మార్చమని తనే అడిగాడంట. వాళ్లు అతని సామాను దింపటానికి విమానం కాసేపు ఆపాల్సి వచ్చింది కూడా."

నేను డ్రాయరు తాళం వేశాను. స్టాంపు లోపల పెట్టాను. చెమ్మ స్పాంజి మూత పెట్టాను. రోజూ చేసే పనులే.

లెక్క తప్పయ్యుంటే ఎంత బాగుండేది.

అక్టోబరు 22, శుక్రవారం

రాయటానికేమీ లేదు.

అక్టోబరు 23, శనివారం

పాపాయమ్మత్తకి చెప్పాను. చపాతీ పిండి పిసుకుతోంది. ఆపలేదు.

"వేరే ఆడదుందా?" అంది.

"లేదత్తా. అలాంటి మనిషి కాదు."

"తాగుడా?"

"కాదు."

"మరి ఏం రోగం?" పిండి మీద గట్టిగా ఒకటి చరిచింది. "నేనిక్కడికి వచ్చిన కొత్తలో మా తమ్ముడు కూడా ఇక్కడే ఉండీవోడు. కర్జకాన్ తోటల్లో పని. ఒక్కసారి సూడ్డానికొచ్చాడు. గేటు కాడే నిలబడ్డాడు. లోపలికి రారా అంటే రాలేదు. నువ్విక్కడ గిన్నెలు తోముతుంటే నేను టీ తాగాలా అన్నాడు. మళ్లీ రాలేదు."

"మీకు కోపం రాలేదా?"

"వచ్చింది. ఇప్పటికీ ఉంది."

గదిలోకి వెళ్లి కూర్చున్నాను. నేను కడిగిన గది. కిటికీలోంచి వంటింటి పొగ గొట్టం కనిపిస్తుంది. ఇన్నాళ్లూ కనిపిస్తూనే ఉంది. మా ఆయన ఇక్కడ పడుకుని, పొద్దున లేచి బయటికొస్తే ఎదురుగా బాబా కనిపిస్తారు. అతిథి అని పలకరిస్తారు. అదే సమయానికి మామా లోపలినుంచి నన్ను పేరు పెట్టి పిలుస్తుంది, పిల్లల పాలసీసాల కోసం. నేను "హాఁ మామా" అని పరిగెత్తుతాను.

దాన్ని నేను బహుమతి అనుకున్నాను.

అయినా నాకూ కోపంగానే ఉంది.

అక్టోబరు 25, సోమవారం

నిన్న లండన్ వాళ్లు కూడా గడియారాలు తిప్పేశారు. మళ్లీ ఎప్పటి తేడా ఎప్పటిలాగే.

పొద్దున బాబా కాగితాలు ముందు పెట్టారు. క్లర్కు వీసా. ఇంటిపని ఉండదు. ఆఫీసు పైన ఇద్దరు నర్సులుండే గదిలో ఒక మంచం ఇస్తారు. "రెండేళ్లు?" అన్నారు. "ఒక్క ఏడాది బాబా" అన్నాను. ఒక క్షణం నన్ను చూసి, అంకె దిద్దారు. సంతకం పెట్టాను. ఇంగ్లీషులో, పూర్తి పేరు, నాగమల్లేశ్వరి అని. గీత దాటి పోయింది.

తర్వాత కాకినాడ ఫోను చేశాను. జగ్గారావు గారు ఈసారి టీ వంక కూడా పెట్టలేదు, లేచి వెళ్లిపోయారు.

"టిక్కెట్టు తీసుకున్నావా?" అన్నారు మా ఆయన.

"మీరు లండన్‌లో టైముకే దిగారంట కదండీ."

పక్కింటి పిల్లలు టీవీ పెట్టుకున్నట్టున్నారు, పాటలు వినిపిస్తున్నాయి.

"ఎవరు చెప్పారు?"

"అవి కనుక్కోవటం నా డ్యూటీయే కదా."

"ఆఁ, నీ డ్యూటీ." గొంతు పెద్దదైంది. "ఆ విమానం నా ఎదురుగానే ఉంది. అద్దంలోంచి కనిపిస్తోంది. మైకులో నా పేరు కూడా పిలిచారు. షిప్పులో అందరికీ మా ఆవిడ టీచరని చెప్పుకున్నాను, తెలుసా నీకు? నేను దిగాలంటే మీ సేటు సంతకం పెట్టాలి. మీ సేటు వంటింటి వెనక పడుకోవాలి. నువ్వేమో అక్కడ కాఫీలిస్తావు, నేను చూస్తూ కూర్చోవాలి. నేనెందుకు దిగాలే?"

"ఆ మాట ముందే అనొచ్చు కదండీ."

"నువ్వు చెప్పనిస్తేగా? ఏ రంగు బోర్డు వెంట నడవాలో చెబుతున్నావు."

నిజమే. ఆ రోజు నేను ఆగకుండా చదివాను.

"నేను గేటు దగ్గర నిలబడ్డాను" అన్నాను. "కువైట్ జనం కూడా వెళ్లిపోయేదాకా."

ఈసారి లైను కట్టవలేదు. ఊపిరి వినిపించింది.

"తప్పే" అన్నారు. తర్వాత వెంటనే, "సరే, వచ్చెయ్. వచ్చాక మాట్లాడుకుందాం."

"ఏడాదికి సంతకం పెట్టానండి. ఆఫీసు పని. ఇంటిపని కాదు."

"నన్నడక్కుండానా?"

"అడగటానికే రమ్మన్నాను."

పాట అయిపోయి ఏదో ప్రకటన మొదలైంది. నేను ఏడవలేదు. ఏడిస్తే మా ఆయన జాలిపడి ఏదో ఒకటి అనేస్తారు, నేను దాన్ని పట్టుకుని ఇంకో ఏడాది బతుకుతాను. అలా వద్దనుకున్నాను.

"మళ్లీ షిప్పెప్పుడండీ?"

"మార్చిలో."

"దానికి ముందో, దిగాకో, మీకు రావాలనిపిస్తే రండి. ఎవరి ఇంటికీ కాదు. గది నేను వెతుకుతాను, అద్దెకి. రాననుకుంటే అదీ చెప్పండి. నిజంగా చెప్పండి, గడియారం మీద పెట్టకండి."

"రావాలంటే ఎలా రావాలి?"

పుస్తకం పక్కనే ఉంది. బొంబాయి పేజీ చూడక్కర్లేదు కూడా, నాకు నోటికే వచ్చు. ఏ రోజు ఏ విమానం, ఎన్నింటికి, ఏ వీసా, ఎవరిని అడగాలి.

"మీరే కనుక్కోండి" అన్నాను.